పెరట్లో ఆఫీసు గది: ఇల్లు అమ్మాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో ఊరికే పడి ఉన్న జాగాలో చిన్న ఆఫీసు గది వేస్తే ఇంటికి మంచి బేరం వస్తుందా? ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నవారు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. నేను అలాంటి గది ఒకటి కట్టించుకుని, ఆరేళ్ళు అందులోనే పనిచేసి, ఆ తర్వాత ఆ ఇంటిని అమ్మాను. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ గదిలో దేన్ని ముట్టుకున్నారో, ఏమడిగారో, ఎక్కడ ముఖం చిట్లించారో దగ్గరుండి చూశాను. నిజంగా ఎవరైనా ఏడాది పొడవునా కూర్చుని పనిచేసిన గదిని కొనేవారు ఇట్టే గుర్తుపడతారు. కింద రాసిన జవాబులన్నీ అలాంటి గది గురించే.

కొనేవారికి ఈ గది మీద అంత మోజు ఎందుకు?

2020 లాక్‌డౌన్లలో ఎంతోమంది మంచం అంచు మీదా, భోజనాల బల్ల మీదా లాప్‌టాప్ పెట్టుకుని పనిచేశారు. ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్నాక కూడా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని అన్నది చాలా కంపెనీల్లో నిలిచిపోయింది. ఇంట్లో ఒక పడకగదిని ఆఫీసుగా మార్చుకుంటే ఆ మేరకు ఇల్లు ఇరుకవుతుంది, పైగా మీటింగులో ఉండగా పక్కగదిలో కుక్కర్ కూత వేస్తుంది. పెరట్లో గది ఉంటే ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. సాయంత్రం తలుపు వేసి తాళం పెట్టి పది అడుగులు నడిచి వస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టు మనసుకే తెలిసిపోతుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ పది అడుగులు నడిచినప్పుడే గదిని తమదిగా ఊహించుకోవడం మొదలుపెడతారు.

పెట్టిన డబ్బంతా తిరిగి వస్తుందా?

రూపాయికి రూపాయి వస్తుందన్న లెక్కతో దిగొద్దు. విడిగా ఉన్న గదిని విలువ కట్టేవారు చాలాచోట్ల ఇంటి నివాస విస్తీర్ణంలో కలపరు, ఒక అదనపు సదుపాయంగా పక్కన రాస్తారు. అందుకని ఇంట్లో ఒక గది పెరిగితే వచ్చినంత విలువ దీనికి రాదు. ఇల్లు త్వరగా అమ్ముడుపోవడంలోనూ, దాదాపు ఒకేలా ఉన్న రెండిళ్ళలో మీదే గుర్తుండిపోవడంలోనూ దీని లాభం కనిపిస్తుంది. కట్టిన ఖర్చులో కొంత మీరు వాడుకున్న ఏళ్ళలోనే రాబట్టుకోవాలి. అద్దె ఆఫీసుకి పోనక్కర్లేకపోవడం, ప్రయాణం తగ్గడం, ప్రశాంతంగా పని చేసుకోవడం ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఆరు నెలల్లో ఇల్లు అమ్మేస్తున్నాం. ఇప్పుడు కట్టించమంటారా?

వద్దు. అమ్మకం కోసమే హడావిడిగా వేసిన గదిలో పెయింటు వాసన పోదు, చుట్టూ మట్టి కుదురుకోదు, ఒక్క వానాకాలమైనా చూడని పైకప్పు మీద మీకే నమ్మకం ఉండదు. ఆ డబ్బులో చిన్న భాగంతో ఇంట్లోనే ఒక మూలని చక్కగా పనిచేసుకునే చోటుగా తీర్చిదిద్దండి. పెరడు శుభ్రం చేయించి, గది ఎక్కడ వేసుకోవచ్చో నాలుగు రాళ్ళు పాతి చూపించండి. కరెంటు అంతవరకు లాగి ఉంచితే ఇంకా మంచిది. మిగతాది కొనేవాళ్ళు తమ ఇష్టప్రకారం కట్టుకుంటారు. రెండు మూడేళ్ళు మీరు వాడుకునే అవకాశం ఉంటేనే కట్టడం గిట్టుబాటు.

సామాన్ల షెడ్డు ఉంది కదా, దాన్నే ఆఫీసు చేసేస్తే?

ఒకే ఒక్క సందర్భంలో చేయొచ్చు: పునాది గట్టిగా, నేల పొడిగా ఉంటే. పారలూ కుండీలూ పెట్టుకోవడానికి వేసిన షెడ్డుకి చాలావరకు నేలలో చెమ్మ ఆపే పొర ఉండదు, రేకుల కింద ఏమీ ఉండదు. పైపైన చెక్క పలకలు కొట్టి రంగు వేస్తే ఫోటోలో బాగుంటుంది, కానీ ఆ పలకల వెనక బూజు మొదలవుతుంది. కొనేవారు తలుపు తీయగానే వచ్చే ముక్కవాసన ఏ ఫోటోలోనూ పడదు. అరకొరగా మార్చిన షెడ్డు కన్నా శుభ్రంగా ఉన్న షెడ్డే నయం.

గది ఎంత ఉండాలి?

ఒక మనిషికి లోపలి కొలత 8 అడుగులు × 10 అడుగులు సరిపోతుంది. బల్ల లోతు రెండున్నర అడుగులు, కుర్చీ వెనక్కి జరగడానికి మూడడుగులు, వెనక గోడకి ఒక అల్మరా, తలుపు తెరుచుకునే జాగా అన్నీ అందులో ఇముడుతాయి. ఇద్దరికైతే 10 × 14 చూడండి. ఎత్తు 8 అడుగులకి తగ్గితే గది ఎంత వెడల్పున్నా కప్పు నెత్తిన కూర్చున్నట్టే ఉంటుంది. గుర్తుంచుకోండి, గోడల మందం బయటి కొలతలో పోతుంది. 8 × 10 అని ఒప్పుకుని బయటి కొలత కట్టించుకున్నవాళ్ళు తర్వాత బాధపడతారు.

గోడ నుంచి గోడకి కదలని బల్లలు బిగించకండి. కొనేవారిలో ఒకరికి సంగీత సాధన కావాలి, ఇంకొకరికి వ్యాయామం, మరొకరికి పిల్లల ట్యూషన్. ఖాళీగా విడిస్తే ఎవరికి వాళ్ళు తమ పనిని అందులో చూసుకుంటారు.

పెరట్లో ఎక్కడ వేయాలి?

కాగితం మీద గీసి నిర్ణయించొద్దు. నాలుగు మేకులు పాతి తాడు కట్టండి, కర్రలు నిలబెట్టి గది ఎత్తుకి పాత దుప్పట్లు వేలాడదీయండి. వారం రోజులు అలాగే ఉంచి వంటింటి కిటికీలోంచి, వెనక గుమ్మంలోంచి చూస్తూ ఉండండి. పెరడంతా ఆ దుప్పట్లే కనిపిస్తుంటే గది పెద్దదైందనో, చోటు తప్పిందనో అర్థం. నా మట్టుకు నేను పెరట్లో నాలుగో వంతు దాటనివ్వను. పిల్లలు ఆడుకునే జాగా పోగొట్టి గది చూపిస్తే కుటుంబంతో వచ్చినవాళ్ళు వెనక్కి తగ్గుతారు.

దూరంగా వేస్తే నిశ్శబ్దం, దగ్గరగా వేస్తే వైర్ల ఖర్చు తక్కువ. ఎంత దూరమైనా వానలో కాళ్ళకి బురద అంటకుండా నడిచే బాట ఉండాలి, మూడడుగుల వెడల్పున, రాత్రి కనిపించేలా దీపాలతో. మురుగు పైపు, మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ లైను వీటి మీద మాత్రం కట్టకండి. ఏదో ఒక రోజు వాటిని తవ్వాల్సి వస్తుంది. పెద్ద చెట్టుకి దగ్గరైతే వేర్లు పునాదిని కదిలిస్తాయి, ఆకులు చూరు కాలువల్ని మూసేస్తాయి.

కిటికీ ఏ వైపు పెట్టాలి?

ఇంగ్లండ్‌లోని అయట్ సెయింట్ లారెన్స్‌లో నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా రాసుకునే గది ఇప్పటికీ ఉంది. తోట చివర చిన్న చెక్క గుడిసె. దాన్ని ఇరుసు మీద నిలబెట్టారు, ఎండ ఎటు ఉంటే అటు తిప్పుకునే వీలుండేది. మన గది తిరగదు కాబట్టి పునాది వేయకముందే సూర్యుణ్ణి చూసుకోవాలి.

నేను ఇక్కడే పొరపాటు చేశాను. చెట్లు కనిపిస్తాయని పడమర వైపు పెద్ద అద్దం కిటికీ పెట్టించాను. మధ్యాహ్నం మూడు దాటితే స్క్రీన్ మీద నా ముఖం తప్ప అక్షరాలు కనిపించేవి కావు. ఒక పెద్ద అట్టముక్క తెచ్చి అద్దానికి ఆనించి పెట్టుకునేదాన్ని, ఏళ్ళ తరబడి. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి దంపతుల్లో ఆవిడ గదిలోకి అడుగుపెడుతూనే "ఈ అట్ట ఎందుకండీ?" అని అడిగింది. చెప్పాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ వారంలోనే బయటివైపు పందిరిలాగా చెక్క పట్టీల నీడ వేయించాను. కర్టెను గది లోపల ఉంటుంది, ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. వేడిని ఆపాలంటే అద్దానికి బయటే ఆపాలి.

భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లో ఏడాదిలో చాలావరకు ఉత్తరపు కిటికీకి రోజంతా నిలకడైన వెలుతురు వస్తుంది, దక్షిణార్ధగోళంలో దక్షిణపు కిటికీకి. బల్లని కిటికీకి పక్కగా, వెలుతురు ఓ వైపు నుంచి పడేలా వేసుకుంటే కళ్ళకీ హాయి, వీడియో కాల్‌లో ముఖమూ స్పష్టంగా ఉంటుంది.

పునాది ఎలా ఉండాలి?

నేలని బట్టి. గట్టి నేలలో 100 మి.మీ. కాంక్రీటు స్లాబ్, లోపల ఇనప మెష్, కింద చెమ్మ ఆపే ప్లాస్టిక్ పొర వేస్తే తేలిక గదికి చాలు. తవ్వకం వద్దనుకుంటే నేలలోకి బిగించే ఉక్కు స్క్రూలు ఉన్నాయి, ఒక్కరోజులో పని అయిపోతుంది, చెట్ల వేర్లకి దెబ్బ తక్కువ. ఏదైనా సరే, చెక్క భాగాలు మట్టికి కనీసం 150 మి.మీ. పైన ఉండాలి. వాన చినుకులు నేల మీద పడి ఎగిరి గోడ అడుగుని తడుపుతాయి, చెదలు మట్టిలోంచే ఎక్కుతాయి. చుట్టూ నేల వాటం గది నుంచి బయటికి ఉండాలి.

వేడి, చలి, చెమ్మ: గోడలూ పైకప్పూ ఎలా కట్టిస్తే ఏడాదంతా కూర్చోగలం?

ఖర్చు ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించకండి. అమ్మేటప్పుడు మీ మాట నిలబడేదీ పడిపోయేదీ దీని మీదే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒకాయన వచ్చి మా గదిలో గోడకి అరచెయ్యి ఆనించి అలాగే కాసేపు నిలబడ్డాడు. గోడ చల్లగా ఉంది. ఆ తర్వాత ఆ గది గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇల్లు కొన్నది ఆయనే.

బయట పలకలు, వాటి వెనక వేలెడు గాలి సందు, తర్వాత నీళ్ళని ఆపి ఆవిరిని వదిలే పొర, ఆ తర్వాత వేడిని ఆపే పదార్థం, లోపల బోర్డు. ఇదీ మంచి తేలిక గోడ వరస. వేడిని ఆపే పదార్థాల్లో పీఐఆర్ బోర్డు (గట్టి నురుగు పలక) పల్చగానే పనిచేస్తుంది. 50 మి.మీ. పీఐఆర్ ఆపినంత వేడిని ఆపాలంటే రాతి ఉన్ని (రాయిని కరిగించి తీసిన పీచు) దాదాపు 85 మి.మీ. కావాలి. కానీ రాతి ఉన్ని మంటకి అంటుకోదు, శబ్దాన్ని బాగా మింగుతుంది. రోడ్డు పక్క ఇంటికి నేను దాన్నే ఎంచుకుంటాను. గోడల్లో నింపి నేలనీ పైకప్పునీ వదిలేస్తే చేసిందంతా వృథా, వేడి ఎక్కువగా వచ్చేదీ పోయేదీ పైకప్పు నుంచే.

చెమ్మ సంగతి చాలామంది మరిచిపోతారు. కూర్చుని పనిచేసే మనిషి శ్వాస నుంచి, చెమట నుంచి గంటకి 40, 50 గ్రాముల నీటి ఆవిరి గాలిలో కలుస్తుంది. అది చల్లటి రేకుని తాకితే నీళ్ళవుతుంది. చలికాలం పొద్దున్నే తలుపు తీస్తే పైనుంచి కాగితాల మీద టప్ టప్‌మని పడేది వాన నీరు కాదు, నిన్నటి మన ఊపిరే. అందుకే ఆవిరిని అడ్డుకునే పొర ఒకటి వేస్తారు. చలి ప్రాంతాల్లో అది లోపలి వైపు ఉండాలి. ఎప్పుడూ ఉక్కపోతగా ఉండి లోపల ఏసీ నడిచే ప్రాంతాల్లో బయటి వైపు ఉండాలి. ఇది తారుమారైతే గోడ లోపలే నీరు చేరుతుంది. పని చేసేవారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి, "ఆవిరి పొర ఏ వైపు వేస్తున్నారు, ఎందుకు?" అని. తడుముకోకుండా చెప్పినవారికే పని అప్పగించండి.

రేకు కప్పు వేస్తే కింద ఉన్ని, బోర్డు తప్పనిసరి. లేకపోతే వాన పడినంతసేపూ ఫోన్లో అవతలివాళ్ళకి వాన తప్ప మీ మాట వినపడదు.

తలుపులు, కిటికీలు బాగా బిగుతుగా పెట్టించాం. గాలి చాలదా?

చాలదు. 8 × 10 గదిలో ఉండే గాలి సుమారు 18 వేల లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అంటే గాలి కదలని గదిలో గంటలో పది లక్షలకి వెయ్యి భాగాలు పెరుగుతుంది, బయటి గాలిలో ఉండేది 420 పైచిలుకే. మధ్యాహ్నం వచ్చే ఆ తలనొప్పికీ, మగతకీ కారణం చాలాసార్లు ఇదే. ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. కిటికీ పైన సన్నని గాలి పట్టీ, ఎదురు గోడకి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి.

కరెంటు ఎలా తీసుకెళ్ళాలి? ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే సరిపోదా?

నాలుగు రోజులకి కూడా వద్దు. కిటికీలోంచి గడ్డి మీదుగా పాకే వైరుని చూస్తే కొనేవారికి మిగతా ఇంటి వైరింగు మీద కూడా అనుమానం పుడుతుంది, అది న్యాయమే.

ఇంటి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే సొంత ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్‌సీసీబీ, ఉక్కు తొడుగు ఉన్న ఆర్మర్డ్ కేబుల్. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండడుగుల లోతున కేబుల్ వేసి, దాని మీద కొంత మట్టి కప్పాక హెచ్చరిక టేపు పరుస్తారు, రేపెవరైనా గునపం వేస్తే ముందు టేపు తగులుతుంది. తీగ మందం దూరాన్ని బట్టి పెరగాలి. ఒకే మందం తీగ రెండింతలు పొడవైతే వోల్టేజీ పడిపోవడం కూడా రెండింతలు. ఏసీ ఆన్ అయినప్పుడల్లా లైటు ఒక్కసారి మసకబారుతోందంటే తీగ సన్నగా ఉందన్నమాట. ఎర్తింగ్ ఇంటిదే తీసుకోవాలా, గదికి విడిగా కడ్డీ దింపాలా అన్నది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి తేల్చాలి, ఆయన చేతి పరీక్ష పత్రం దాచుకోవాలి.

కేబుల్ వేసిన కాలువ పూడ్చేముందు ఒక పని. టేపు కొలత పరిచి, ఇంటి గోడ నుంచి ఎంత దూరంలో, ఎంత లోతులో కేబుల్ ఉందో తెలిసేలా ఫోటోలు తీయండి. మట్టి పడ్డాక ఆ సమాచారం ఇక ఎవరి దగ్గరా ఉండదు.

ఇంటర్నెట్‌కి ఇంట్లో వైఫై అందుతుంది కదా?

ఫోన్‌కి అందుతుంది, మీటింగుకి అందదు. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది, వేడిని ఆపే బోర్డుల మీది రేకు పూత మిగతాదాన్ని వెనక్కి కొడుతుంది. ఎలాగూ కాలువ తవ్వుతున్నారు కాబట్టి కరెంటుకి దూరంగా మరో పైపు వేసి అందులో ఆరుబయట వాడే క్యాట్ 6 ఇంటర్నెట్ కేబుల్ లాగండి. 100 మీటర్ల వరకు ఈథర్‌నెట్ (తీగ ద్వారా నడిచే నెట్‌వర్క్) ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. పిడుగులు ఎక్కువ పడే చోట ఆప్టికల్ ఫైబర్ మేలు, గాజు కాబట్టి కరెంటుని మోయదు. పైపులో ఒక గట్టి నైలాన్ తాడు కూడా వదిలేయండి, రేపు కొత్త కేబుల్ లాగాలంటే తవ్వకం లేకుండా పని జరిగిపోతుంది.

అనుమతి తీసుకోవాలా?

చిన్న, ఒకే అంతస్తు గదులకి చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. అయితే ఎత్తు, విస్తీర్ణం, ప్రహరీ నుంచి దూరం వీటిలో ఏ ఒక్కటి దాటినా మినహాయింపు పోతుంది. నిద్రపోవడానికీ, అద్దెకివ్వడానికీ, రోజూ కస్టమర్లు రావడానికీ వాడితే నిబంధనలు మారిపోతాయి. అనుమతి అక్కర్లేదని తేలినా ఆ మాట కాగితం మీద తీసుకోండి. కొనేవారి లాయరు, వాళ్ళకి రుణమిచ్చే బ్యాంకు అడిగేది ఆ కాగితాన్నే. చివరి నిమిషంలో ప్లాన్‌లో లేని కట్టడం బయటపడితే ధర తగ్గించమంటారు, లేదా కూల్చమంటారు. ఇంటి బీమా కంపెనీకి గది సంగతి ముందే తెలపండి. కొన్ని దేశాల్లో పూర్తిగా వ్యాపారానికే వాడిన గది వల్ల ఇల్లు అమ్మినప్పుడు వచ్చే పన్ను మినహాయింపు తగ్గుతుంది, మీ ఆడిటర్ని అడిగి చూసుకోండి.

బాత్రూమ్ కూడా కట్టిస్తే విలువ పెరుగుతుందా?

ఇంటికి దగ్గరగా ఉన్న గదికి అవసరం లేదు. మురుగు పైపుకి వాటం దొరకాలి, అనుమతి మరో రకానికి మారుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

తెచ్చి పెట్టే రెడీమేడ్ గది అయితే? అది ఇంటితో పాటు అమ్ముడైనట్టేనా?

రెడీమేడ్ గదులు త్వరగా వస్తాయి, ఫ్యాక్టరీలో కట్టడం వల్ల అతుకులు శుభ్రంగా ఉంటాయి. క్రేన్ గానీ ట్రక్కు గానీ పెరట్లోకి వచ్చే దారి ఉందో లేదో ముందు కొలుచుకోండి. పునాదికి బిగించకుండా ఊరికే నిలబెట్టిన గది స్థిరాస్తిలో భాగమా, కదిలే సామానా అన్నది వివాదం కావచ్చు. మీతో తీసుకెళ్తున్నారా, వదిలేస్తున్నారా అన్నది అమ్మకం ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించండి. లోపలి ఏసీకీ ఇదే మాట.

ప్రకటనలో ఏమని రాయాలి?

ఉన్నది ఉన్నట్టు. లోపలి కొలత, కట్టిన సంవత్సరం, గోడల్లోనూ పైకప్పులోనూ ఏం నింపారు, విడి కరెంటు లైను, వైరు ద్వారా ఇంటర్నెట్. ఈ ఐదూ రాస్తే చాలు, "అద్భుతమైన" అన్న మాట అక్కర్లేదు. పడకగది అని మాత్రం రాయకండి, అనుమతి అందుకు ఉండదు. ఫోటోలు రెండు సరిపోతాయి: వెనక గుమ్మంలో నిలబడి బాటతో సహా గది కనిపించేలా ఒకటి, బల్ల దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అది ఒకటి.

ఇల్లు చూడ్డానికి వచ్చే రోజు ఏం చేయాలి?

ముందురోజు రాత్రి కిటికీ కాస్త తెరిచి ఉంచండి, మూసిన గది వాసన పోతుంది. బల్ల, కుర్చీ, దీపం ఉంచి మిగతావన్నీ తీసేయండి. అట్టపెట్టెలూ పాత సైకిలూ అందులో పెడితే అది మళ్ళీ షెడ్డయిపోతుంది. తలుపు గడపకి రాసుకుంటూ తెరుచుకుంటే వడ్రంగిని పిలిచి అర మిల్లీమీటరు చెక్కించండి, వానాకాలం తలుపు ఉబ్బి బిగుసుకోవడం కొనేవారికి చెమ్మ గుర్తుగా కనిపిస్తుంది. వాళ్ళు లోపలికి వెళ్ళాక మీరు బయటే ఉండి తలుపు మూయండి. ఒక్క నిమిషం ఆ నిశ్శబ్దంలో వాళ్ళని వాళ్ళకి వదిలేయండి.

తాళాలతో పాటు కొత్తవారికి ఏమేం ఇవ్వాలి?

ఒక ఫైలు: అనుమతి కాగితం లేదా అక్కర్లేదన్న ఉత్తరం, ఎలక్ట్రీషియన్ పరీక్ష పత్రం, ఏసీ, కిటికీల వారంటీలు, కట్టినవారి ఫోన్ నంబరు, గోడకి వేసిన రంగు కోడ్. వాటి పైన కాలువ ఫోటోలు. మా ఇల్లు కొన్నాయన రెండు నెలల తర్వాత ఫోన్ చేశాడు, బాట పక్కన నిమ్మ మొక్క నాటాలట, కేబుల్ ఎక్కడుందో సరిగ్గా చెప్పమని. ఫైలు తెరిచి మూడో ఫోటో చూడమన్నాను. టేపు మీద అంకె చదివి, రెండడుగులు ఇవతలగా గుంత తీసుకున్నాడు.